మా నేల మంచిదని నేననను

తోమాను నేను క్షమించను. కలహారి ఎడారి ఇసుకలో, మా జుహోన్సీ మనుషుల్లోనే పుట్టినవాడు. వేటాడి తెచ్చిన మాంసాన్ని ఎంత బాగుంటే అంతగా తిట్టడం మా మర్యాద అని వాడికి తెలుసు.

ఇప్పుడు ప్రతి పల్లెలోనూ సర్కారువారి దుబాసీ యంత్రం ఉంది. మా భాషలో నాలుకతో చేసే టకటకలన్నీ తోమాకన్నా శుభ్రంగా పలుకుతుంది. భూమి విచారణనాడు అది నన్ను, "నీ నేల ఎలాంటిది?" అని అడిగింది.

"అదీ ఒక నేలేనా? పాము కూడా కాపురముండదు" అన్నాను గర్వంగా.

'హక్కుదారుకు అక్కరలేదు' అని రాసేసుకుంది. పక్కనే గుమాస్తా కుర్చీలో ఉన్న తోమా కిక్కురుమనలేదు.

నిన్న, అప్పీలుకు చివరి రోజున, వచ్చాడు.

"మామా, ఒక్కసారి మంచి నేల అని చెప్పు. యంత్రం తిరిగి నీ పేరున రాసేస్తుంది."

"నీ పెళ్లికి నేను తెచ్చిన జింకను ఏమన్నాన్రా?"

"నక్కకైనా చాలదన్నావు."

"ఎంతమంది తిన్నారు?"

"పల్లెంతా."

"ఆ సంగతి నువ్వు చెప్పు దానికి. నా సొత్తును నేనే పొగుడుకుని మనవాళ్లకు మొహమెలా చూపించను?"

"యంత్రానిది తప్పని నేనంటే నా ఉద్యోగం పోతుంది మామా."

"అయితే పో."

నాలుగు వందల పన్నెండు హెక్టార్లు పోయాయి. దిక్కుమాలిన నేల.