జామకాయ కోసే కత్తి

మొదటి రాయి జీపు అద్దాన్ని బద్దలు కొట్టుకుని వచ్చి మోహన్‌కృష్ణ ఒళ్ళో పడింది.

"తల దించండి బాబూ!" అని అరిచాడు డ్రైవర్ వరహాలరావు.

మిషన్ ఆసుపత్రి డాక్టర్ క్రిస్టినా మేడమ్ మాత్రం తల దించలేదు. జీపు పూర్తిగా ఆగకముందే దూకి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, తిన్నగా గుంపులోకి నడిచింది.

గుంపు నడుమ కాఫీ తోట కంచె రాటకు సవరమ్మను కట్టేసి ఉంచారు. అరవై దాటిన మనిషి. గాసి అనేవాడు ఆమె దవడలు నొక్కి పట్టుకున్నాడు. మంగ్లు చేతిలో గుండ్రాయి, దాని మీద నెత్తురు. ముందు పళ్ళు అప్పటికే రాలి మట్టిలో పడి ఉన్నాయి.

"నా గుంటడికి సిల్లంగి ఎట్టింది! నమిలి మింగేసింది! ఒక్క పన్నూ ఉంచను. పళ్ళు నేకపోతే దీని నోట మంత్రం పలకదు," అని గావుకేకలు పెడుతున్నాడు మంగ్లు.

"నీ కొడుకుని తీసుకుపోయింది మలేరియా, మంగ్లూ. నా చేతుల్లోనే పోయాడు. కొట్టాలంటే నన్ను కొట్టు."

నిజంగానే కొట్టాడు. రాయి భుజానికి తగిలి మేడమ్ మోకాళ్ళ మీద పడింది. లేచి మళ్ళీ ముసలమ్మకు అడ్డం నిలబడింది. ఈసారి దెబ్బ నుదుటి మీద పడింది. తల కాచుకోవలసిన మనిషి రెండు చేతులూ మూతికి అడ్డం పెట్టుకుంది, కేక బయటికి రాకుండా కాబోలు. కనుబొమ్మ చిట్లి నెత్తురు కారుతున్నా తప్పుకోలేదు.

మోహన్‌కృష్ణ జీపు దిగి అక్కడే నిలబడిపోయాడు. దెబ్బంటే ఏమిటో ఒంటికి తెలియని మనిషికే ఇంత మొండి ధైర్యం ఉంటుందనుకున్నాడు.

వరహాలరావు జీపు రాడ్డు తీసుకుని గాసి మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. గాసి చెయ్యి పట్టుకుని పొర్లాడుతుంటే గుంపు చెదిరింది. మంగ్లు రాయి మళ్ళీ ఎత్తాడు గానీ, చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. దాన్ని వదిలేసి, కొడుకు పేరు పెట్టి ఏడుస్తూ కూలబడ్డాడు. అప్పటికి గానీ మోహన్‌కృష్ణ కదిలి ముసలమ్మ కట్లు కోయలేకపోయాడు.

పాడేరుకి అవతల, కొండ మలుపులో ఉన్న ఆ చిన్న మిషన్ ఆసుపత్రికి అతను ఇష్టపడి రాలేదు. ఆ ఏడు ఫ్యామిలీ మెడిసిన్ ట్రైనింగ్ ఎక్కడ చేస్తారో ఎంచుకోమన్నప్పుడు, హౌస్ సర్జన్లంతా విశాఖపట్నంలో పెద్దాసుపత్రుల కోసం కొట్టుకున్నారు. చీటీలు తీస్తే సాలూరు బట్టల కొట్టు వారబ్బాయైన అతనికి ఈ ఏజెన్సీ వచ్చింది. వాళ్ళ నాన్న వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని పోస్టింగ్ మార్పించాడు. ఇవాళ మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోవాలి. పెట్టె సర్దుకుని జీపెక్కితే దారిలో ఈ కబురు తగిలింది.

మేడమ్ తీరూ అతనికి మింగుడు పడలేదు. నవ్వదు. అందరూ జామకాయ కొరుక్కు తింటుంటే ఆవిడ చిన్న కత్తితో పల్చగా కోసుకుంటుంది. మొక్కజొన్న పొత్తయినా గింజ గింజా వలుచుకోవలసిందే.

"నా అన్నోళ్ళు నేరు కదు బాబూ! సిన్నప్పట్నుంచీ మిషన్ హాస్టల్లో పెరిగినాది. అన్నీ దొరల మర్యాదలే," అని నవ్వేవాడు వరహాలరావు.

ఆసుపత్రికి వచ్చాక మేడమ్ నుదుటికి మోహన్‌కృష్ణే కుట్లు వేశాడు. ఆవిడ మూలగలేదు. కుట్లు పూర్తయ్యీ అవకముందే లేచి సవరమ్మ మంచం దగ్గరికి వెళ్ళింది.

ముసలమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. చోడి అంబలి చల్లారిపోయింది. గ్లూకోజు సూది రెండుసార్లు పీకేసింది. నోరు తెరవమంటే దవడలు బిగిస్తోంది.

"రాత్రి నుంచీ ఏమీ తీసుకోనట్టే ఉంది. ఇలాగైతే పోతుంది మేడమ్," అన్నాడు మోహన్‌కృష్ణ. "డెంటల్‌కి రిఫర్ చేద్దాం. పళ్ళు కట్టేస్తారు."

"పళ్ళు వాళ్ళు కడతారు. ఇంటికి ఎవరు తీసుకెళ్తారు?"

"అది మన పనా? నేను వైద్యం నేర్చుకోవడానికి వచ్చాను. ఊళ్ళో పంచాయితీలు తీర్చడానికి కాదు!" గొంతు తనకే తెలియకుండా లేచింది. రాటకు కట్టేసిన ముసలమ్మ ముందు కొయ్యబారి నిలబడినందుకు తన మీద తనకున్న కోపం అది. ఆవిడ మీద చూపించాడు.

మేడమ్ నొచ్చుకోలేదు. "నీ బస్సుకి వేళవుతోంది. వెళ్తే వెళ్ళు. ఉంటే ఆ తలుపు వేసి ఇలా రా."

కింద మలుపులో బస్సు హారన్ వినిపించింది. మోహన్‌కృష్ణ గుమ్మంలోంచి, జీపులో ఉన్న తన పెట్టె వైపు చూశాడు. తర్వాత వెళ్ళి, తలుపు లోపలి నుంచి వేశాడు.

మేడమ్ మంచం అంచున కూర్చుంది. "కాస్త అంబలి తాగమ్మా."

"నన్నెందుకు బతికించినారు?" సవరమ్మ గోడతోనే మాట్లాడింది. "పళ్ళు రాలగొట్టినోళ్ళని ఏ గుమ్మమూ ఎక్కనీరు. నా కోడలే తలుపేసేస్తది. అడివిలో పడి సావాల."

"చావక్కర్లేదు. బతకొచ్చు."

ముసలమ్మ గిర్రున ఇటు తిరిగింది. వాచిన పెదాల మీద నెత్తురు మళ్ళీ చిమ్మింది. "ఏటి బతికేది? నువ్వు డాక్టరమ్మవి. నువ్వొస్తే అందరూ పీటేస్తారు. నా బతుకు నీకేటి తెలుస్తది?"

మేడమ్ తన ముందు పళ్ళ వరస ఊడదీసి ముసలమ్మ అరచేతిలో పెట్టింది.