ఎర్ర స్టూలు

హౌగాంగ్‌లో ఆ బ్లాకు లిఫ్టుకు వెళ్లే ఇరుకు దారిలో ఒక కారు పట్టేంత చోటు ఖాళీగా ఉంది.

మధ్యలో ఒక ఎర్ర స్టూలు. స్టూలు మీద టిష్యూ ప్యాకెట్.

సింగపూరులో టిష్యూ ప్యాకెట్ పెట్టారంటే ఆ చోటు ఎవరో 'చోప్' చేసినట్టు, అంటే ముందే పట్టుకున్నట్టు.

"రోడ్డును కూడా చోప్ చేస్తారా!" అని నవ్వుతూ జనార్ధనరావు కారు దిగి స్టూలు పక్కకు పెట్టాడు.

గోడవారన నిలబడ్డ ముసలాయన దగ్గరికి వచ్చాడు.

"అక్కడ పెట్టకు తంబీ. ఖాళీగా ఉండాలి."

తెలుగే. కాస్త అరవం కలిసింది.

"ఎవరి కోసం అంకుల్?"

"బండి వస్తే లోపలికి రావాలి గదా."

"ఎప్పుడొస్తుంది?"

"తెలియదు."

జనార్ధనరావు భార్య ఉమ వైపు చూసి కన్ను గీటాడు. "మీరిక్కడ వాచ్‌మనా?"

ముసలాయన స్టూలు తీసుకుని గోడవారకు వెళ్లాడు.

"వెనక పార్కింగుంది కదండీ," అంది ఉమ.

"కొని నెల కాలేదు. కిటికీలోంచి కనబడాలి. పద, కథ మొదలైపోతుంది."

నాలుగో అంతస్తులో కృష్ణప్రసాద్ ఇంట్లో సత్యనారాయణ వ్రతం. వైటూకే గండం గడిచిందని మొక్కు. వచ్చినవాళ్లంతా కంప్యూటర్ల వాళ్లే.

నాలుగో అధ్యాయంలో సైరన్ వినిపించింది. దగ్గరికి వచ్చి ఆగింది. తర్వాత ఆగకుండా హారన్.

ఉమ కిటికీ దగ్గరికి వెళ్లి వచ్చింది.

"అంబులెన్సండీ. మన కారే అడ్డం."

"ప్రసాదం ముట్టకుండా లేచిన అమ్మాయికి ఏమైందో ఇప్పుడే కదా విన్నావు?"

"తాళాలివ్వండి. ఎవరి చేతైనా తీయిస్తాను."

"కొత్త బండి ఒకళ్ల చేతికిస్తానా? కూర్చో."

ఉమ కూర్చుంది. కానీ కథ వినలేదు.

కాసేపటికి హారన్ ఆగింది.

జనార్ధనరావు హారతి కళ్లకద్దుకున్నాడు. ప్రసాదం తిన్నాడు. అప్పుడు కిందికి దిగాడు.

మలుపు దగ్గర ఆగిన అంబులెన్సులోకి స్ట్రెచరు ఎక్కిస్తున్నారు. ముఖం మీదికి దుప్పటి కప్పి ఉంది.

కారు పక్కన ఒక పెద్దావిడ ఎర్ర స్టూలు పట్టుకుని నిలబడింది. రెండో అంతస్తు లీలావతి.

"ఎవరికమ్మా?"

"సింహాచలం. ఈ గోడవారన నిలబడే ముసలాయన. ఇక్కడే కూలిపోయాడు. ఈ కారు ఎవరైనా తీస్తారని హారన్ కొట్టి చూశారు. చివరికి స్ట్రెచరు తోసుకుంటూ పరుగెత్తుకొచ్చారు. అప్పటికే అయిపోయింది."

జనార్ధనరావు జేబులోని తాళాలు బయటికి తీయలేదు.

"పాపం... ఈ బ్లాకు వాచ్‌మన్ కదా?"

"వాచ్‌మన్ కాదు బాబూ. మూడేళ్లుగా రోజూ వచ్చి ఈ చోటు కాస్తున్నాడు. స్టూలు నేనే ఇచ్చాను."

"ఎందుకు?"

లీలావతి టిష్యూ ప్యాకెట్ తీసి కొంగున కట్టుకుంది.

"మా ఆయన కోసం అంబులెన్సు వచ్చిన రోజు, ఇక్కడ అడ్డంగా ఉన్న కారు సింహాచలానిదే."