రెట్ట చెప్పిన కబురు

కొట్టు కట్టేసి ఇంటికొచ్చిన గింజల వ్యాపారి చెప్పులైనా విప్పకుండా పంజరం దగ్గరికి వెళ్ళాడు. అడుగున పరిచిన కాగితం లాగి దీపం కిందికి పట్టాడు.

గువ్వ రెట్టలో ఊదారంగు.

అతను మచ్చు చూసి బస్తా సంగతి చెప్పే మనిషి. పొద్దున తను వేసింది జొన్నలు, సజ్జలు. వాటికి ఈ రంగు రాదు. ఎవరో మల్బరీ పళ్ళు తెచ్చి పెట్టారు. అంటే తను కొట్లో తూకాలు వేస్తుంటే ఇక్కడ ఇంట్లోకి ఎవరో వచ్చి పోతున్నారు.

గువ్వ మెడ వాల్చి అతన్ని చూసింది.

"నీకేం, దర్జాగా మెక్కావు," అని పళ్ళు నూరాడు.

కింది వాటాలో పిన్నిగారిని అడిగాడు. "మధ్యాహ్నం పైకి ఎవరైనా వచ్చారా?"

"నన్నీ గొడవలోకి లాగకు నాయనా. నా కళ్ళు టీవీ మీద ఉంటాయి గానీ నీ గుమ్మం మీద కాదు."

ఆవిడ చూపు తప్పించింది. అతనికి ఆ మాత్రం చాలు.

అప్పట్నుంచి రోజూ రెట్ట చదవడమే పని. అది గట్టిగా, నెత్తిన తెల్ల టోపీ పెట్టుకుని పడుతున్నంతకాలం వచ్చే మనిషి జాడ తక్కువ. ఏ వారానికోసారో, అదీ హడావిడిగా. గువ్వకి నలత చేసి రెట్ట పలచబడి ఆకుపచ్చగా మారిందా, ఇక రోజూ రాకపోకలే. నీళ్ళ గిన్నె తళతళలాడుతుంది. పిట్టల అరుగుదలకి వేసే గుల్ల పొడి, సన్నగా తరిగిన లేతాకు కనిపిస్తాయి. మొన్న తను జ్వరంతో మూలుగుతూ పడుంటే మంచినీళ్ళిచ్చిన దిక్కు లేదు. దీనికి మాత్రం రాజోపచారాలు!

కడుపుమంట ఆపుకోలేక పక్కనున్న నూనె కొట్టతని దగ్గర నోరు జారాడు.

"ఓ రోజు పెందలాడే కట్టేసి వెళ్ళు బావా. ఉన్నపళంగా పట్టుకో."

"పట్టుకుంటే మళ్ళీ రారు."

"రాకూడదనే కదయ్యా పట్టుకునేది! ఎండకి బుర్ర కరిగిందా ఏం?"

వ్యాపారి లేచి తన కొట్లోకి వచ్చేశాడు. సగం సంగతి చెబితే సగం సలహాయే వస్తుంది మరి.

అయినా మనసు ఊరుకోలేదు. ఆ మధ్యాహ్నమే వెళ్ళాడు. పిల్లిలా మెట్లెక్కాడు. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల్నుంచి గుసగుసలాంటి గొంతు.

"ఎంత చిక్కిపోయావే నా బంగారూ! అసలా మనిషి ఏం పెడుతున్నాడే నీకు?"

ఆ మెత్తదనానికి అతని ఒళ్ళు భగ్గున మండింది. చెయ్యి తలుపు మీద పడింది. ఒక్క తోపు తోస్తే చాలు, తేలిపోతుంది.

తొయ్యలేదు. వచ్చినంత నెమ్మదిగానూ దిగిపోయాడు. కింద పిన్నిగారు టీవీ గొంతు తగ్గించి చూస్తోంది.

మర్నాడు పొద్దున జొన్నలు, సజ్జలు పక్కన పెట్టేశాడు. గుల్ల పొడి తీసి దాచాడు. కొట్లో ఎవరూ కొనని పాత నూకలు గుప్పెడు తెచ్చి గిన్నెలో పోశాడు. చచ్చేంత కాదు, నలత చేసేంత. తూకం ఎక్కడ ఆపాలో అతనికొకరు చెప్పాలా?

గువ్వ ఒక నూక ముక్కున పట్టి వదిలేసింది.

"తిను," అన్నాడు కసిగా. "నువ్వు కులాసాగా ఉంటే నాకే నష్టం."

వేసంగిలో పెట్టె సర్దుకుని, పిల్లులు తిరిగే అన్నగారింటికి గువ్వని తీసుకుపోలేక వదిలి వెళ్ళిన అతని భార్య, దానికి ఒంట్లో బాగాలేనప్పుడు మాత్రమే రోజూ ఆ గడప తొక్కుతోంది.