జంగయ్య వేసిన అతుకు

"టార్చి సక్కగ పట్టు లూకా! గంతగనం తొందరపడుతున్నవేంది?"

"అయ్యగారు చర్చి నుంచి పన్నెండింటికల్లా వచ్చేస్తారు. కానివ్వు జంగన్నా."

మౌలాలిలోని ఆ షెడ్డులో కారు మూడేళ్ళుగా పొట్ట నేలకానించి పడుంది. జాకీతో ఎత్తి, రైలుపట్టాల కింద వేసే చెక్క దిమ్మలు రెండు ఆనించాకే మెకానిక్కు జంగయ్య దాని కింద తల పెట్టాడు.

"రేపు పాతినుప సామానోడు పట్కపోయే బండికి గీ రిపేరేందయ్యా?"

"నిలబడితే మంచి ధర వస్తుందిగా. అప్పుడన్నా ఆ కాగితం చించేస్తారేమోనని."

ఆ కాగితం రిచర్డ్ అయ్యగారి బీరువాలో ఉంది. 'అయ్యగారు కారు నూనె గొట్టం మార్చమంటే నేను చవగ్గా అతుకు వేయించాను. అమ్మగారి చావుకు నాదే బాధ్యత.' రాసింది అయ్యగారు. కింద సంతకం డ్రైవరు లూకాది. ఊళ్ళో పెళ్ళాం దేవకృప మూడు క్రిస్మస్‌ల నుంచి ఎదురుచూస్తోంది. సెలవడిగినప్పుడల్లా అయ్యగారు బీరువా మీద వేలితో కొట్టేవారు. "పోరా. నువ్వు రైలెక్కేలోపు ఇది పోలీసు స్టేషన్లో ఉంటుంది."

ఆ కారును ఒక మిషనరీ దొర తన దేశానికి పోతూ అయ్యగారికి అమ్మేశాడు. దానికి స్ప్రింగులుండవు. సన్నటి ఇనప గొట్టాల్లో తిరిగే ఆకుపచ్చ నూనే బరువు మోస్తుంది. ఇంజను నడుస్తుండగా ముందు సీట్ల మధ్యన ఉన్న మీటను పైకి జరిపితే ఒంటెలా లేస్తుంది, కిందికి జరిపితే ఇంజను ఆగి ఉన్నా చతికిలబడుతుంది. అయ్యగారి భార్య ప్రేమమణి అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. ఆమె ఎక్కడానికి లూకా కారును దించేవాడు, ఎక్కాక లేపేవాడు.

ఒకసారి గొట్టం తుప్పుపట్టి కారడం మొదలైంది. కొత్తది ఓడమీద రావాలి. రాంగోపాల్‌పేట్ జంగయ్య కుళ్ళిన ముక్క కోసేసి, అంబాసిడర్ బ్రేకు గొట్టంతో అతుకు వేస్తాడని చెప్పింది లూకాయే. సరేనన్నది అయ్యగారు. ఆ మాట కాగితంలో లేదు.

అతుకు వేసిన నలభై రోజులకి, మిట్టమధ్యాహ్నం, అమ్మగారికి ఊపిరాడలేదు. వెనక సీట్లో పడుకోబెట్టి సికింద్రాబాదు ఆస్పత్రికి బయల్దేరారు. రైలు గేటు పడింది. అలవాటు ప్రకారం లూకా ఇంజను ఆపాడు. గేటు తీయమని బతిమాలడానికి పరిగెత్తాడు. తిరిగి వచ్చేసరికి కారు నేలకి అతుక్కుని ఉంది.

"నువ్వు వేయించిన అతుకు ఊడింది! ఇంజను ముట్టుకోకు, తగలబడుతుంది!" అన్నారు అయ్యగారు.

ఆటో దొరికేసరికి అమ్మగారు లేరు. కారును క్రేను ఎత్తుకొచ్చి షెడ్డులో దించింది. అయ్యగారే దానికి కవరు కప్పారు, తాళంచెవి జేబులో వేసుకున్నారు. నిన్న ఆ తాళంచెవి మళ్ళీ బయటికి తీసి, "సామానోడికి ఇయ్యి. కవరు తియ్యకుండా పంపు" అన్నారు.

"లూకా." జంగయ్య గొంతు మారింది. "నా అతుకు ఊడలే."

"సరిగ్గా చూడన్నా."

"దుమ్ము తప్ప తడి సుత లేదు." బయటికి వచ్చి బానెట్ ఎత్తాడు. "ఇగో, నూనె డబ్బా నిండుగున్నది. గొట్టం పగిలితే గిదంత నేలపాలు కావాలె గద?"

దిమ్మలు తీసి, కొత్త పెట్రోలు పోసి, తను తెచ్చిన బ్యాటరీ తగిలించాడు. నాలుగుసార్లు దగ్గి ఇంజను అందుకుంది. కారు మాత్రం పైకి లేవలేదు. జంగయ్య లోపలికి వంగి చూశాడు.

"ఓర్నీ! మీట కింద ఆఖరి గాడిల ఉన్నదిరా!"

పైకి నెట్టాడు. కారు మూలిగింది. మొదట వెనక భాగం, తర్వాత ముందు భాగం, మూరెడు లేచి నిలబడింది.

"అమ్మను ఎక్కిచ్చినంక లేపుడు మర్షిపోయినవ్, అంతే," అన్నాడు జంగయ్య. "మూడేండ్లు నా అతుకును తిట్టుకుంటివి."

అయితే నిజంగా తనేనా? లూకా ఆ మధ్యాహ్నమంతా మనసులో మళ్ళీ నడిపాడు.

"లేదన్నా. లేపాను. కాలనీ మలుపులో కంకర కుప్ప ఎక్కించి దాటాను."

"గిట్ల దించి ఉంటే కంకర మీద పొట్ట చీరుకపోతుండె."

"గేటు దాకా బాగానే ఉంది. నేను దిగి పరిగెత్తాకే..."

"మరెవరు దించిన్రు? అమ్మనా?"

"అమ్మగారికి చెయ్యెత్తే ఓపికే లేదు. వెనక పడుకుని ఉన్నారు."

షెడ్డు తలుపు కిర్రుమంది. చంకలో బైబిలుతో అయ్యగారు నిలబడి ఉన్నారు. లేచి నిలబడ్డ కారును చూసి ఎలా బాగుపడిందని అడగలేదు.

"కవరు ఎవరు తియ్యమన్నార్రా?"

లూకా మీట వైపే చూస్తున్నాడు.

ఆ రోజు ముందు సీట్లో, దాని పక్కన కూర్చున్నది అయ్యగారే.