పచ్చి గుడ్డు

“చూడు, ఆపి వదిలేశాను. అయినా మళ్లీ తిరుగుతోంది,” అంది రోవెనా.

బల్ల మీద గుడ్డు నిజంగానే మళ్లీ కదిలింది. పచ్చిది కదా, పెంకు ఆగినా లోపలి సొన ఆగలేదు. పక్కనున్న ఉడికిన గుడ్డు మాత్రం వేలు పెట్టగానే బుద్ధిగా ఆగిపోయింది.

“అడిగారని ఇచ్చాను గానీ ఆడుకుంటారని కాదు,” అంటూ హోటల్లో వడ్డించే నడీన్ విసురుగా వచ్చి నిలబడింది. ఆమె ఆగింది గానీ కప్పులో కాఫీ ఆగలేదు, ఎల్వుడ్ చొక్కా మీద తొణికింది.

ఎల్వుడ్ తుడుచుకోలేదు. శనిగ్రహం దగ్గర తిరుగుతున్న నౌకను ఇక్కడ, ఈ కాలిఫోర్నియా కొండల కింద కూర్చుని ఏళ్ల తరబడి నడిపిస్తున్నది అతనే. దాన్ని ‘ముసల్ది’ అంటాడు. భార్య పెట్టే సర్దుకుని వెళ్లిపోయిన రోజున కూడా డ్యూటీకి వచ్చాడు, ముసల్ది ఒంటరిదైపోతుందని.

“రేపు శాస్త్రవేత్తల కమిటీ ముందు ఇదే ఆట ఆడతావా?”

“ఆడతాను. శని చుట్టూ తిరిగే ఆ చిన్న చంద్రుడు పచ్చి గుడ్డే, ఎల్వుడ్. పైన మంచు, లోపల సముద్రం. ముసల్ది పక్కనుంచి వెళ్లిన ప్రతిసారీ అది పంపే సంకేతంలో ఊపు కనిపిస్తోంది. నువ్వు దాని మొహం తిప్పి నిలబెట్టడం ఆలస్యం, నా చంద్రుడు ఊగడం మొదలుపెడతాడు.”

“నన్ను చూసి సిగ్గుపడుతున్నాడేమో.”

రోవెనా నవ్వింది. అతను నవ్వలేదు.

“సముద్రం ఉందంటే ముసల్దాన్ని కాల్చేస్తారు, తెలుసుగా?”

తెలుసు. నీళ్లున్న చోట నౌకకు అంటుకెళ్లిన మన క్రిములు పడకూడదని నియమం. ఇంధనం అయిపోయిన నౌక అదుపు తప్పి ఎప్పుడైనా ఆ చంద్రుడి మీద కూలొచ్చు. అందుకే ఆఖరి చుక్కలతో దాన్ని శనిలోకి తోసి బూడిద చేసేస్తారు. చంద్రుడు ఉత్త రాయీ మంచూ అయితే ఆ గొడవే లేదు. ముసల్ది ఇంకా ఏళ్లపాటు తిరుగుతూ కబుర్లు చెబుతుంది.

“ఇంధనం ఉంటే ఏ మూలకో తీసుకెళ్లి దాచేవాణ్ణి,” అన్నాడు ఎల్వుడ్. “బరువే లేని చోట ట్యాంకులో ఎంతుందో ఏ ముల్లూ చెప్పదు. వాడింది తీసేసి అంచనా వేసుకోవడమే. ఆ అంచనా ప్రకారం అడుగంటింది. ఒక్క ఏడాది ఆగు, రోవీ. ఇంకోలా కొలిచి చూడు.”

“ఆగితే ఇంకెవరో చెప్పేస్తారు. ఇన్నేళ్లు గాడిదచాకిరీ చేశాను. ఇది నాది.”

“ముసల్ది నాది.”

“అదొక డబ్బా, ఎల్వుడ్.”

అతను కాఫీ ముట్టకుండానే లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు గుడ్డాట చూసి కమిటీ చప్పట్లు కొట్టింది.

ముసల్ది చివరి రోజున, అదృష్టం కోసమని ఎప్పుడూ ఉన్న ఆనవాయితీ ప్రకారం, కంట్రోల్ రూములో వేరుశనగల డబ్బా చేతులు మారింది. ఎల్వుడ్ ఒక్క పలుకూ నోట్లో వేసుకోలేదు. ఆఖరి ఆదేశం మాత్రం తనే పంపాడు, పరాయివాళ్ల చేత చంపించడం ఇష్టంలేక. తెర మీద గీత వణికి, చదునైపోయింది. భుజం మీద రోవెనా వేసిన చేతిని విదిలించుకుని బయటికి నడిచాడు.

ఆమెకు పతకం వచ్చింది. పిల్లల పుస్తకాల్లో బొమ్మ పడింది. ఎల్వుడ్ ఆమె ఫోను ఎత్తడం మానేశాడు.

ఏళ్లు గడిచాక ఆ చంద్రుడి దగ్గరికి కొత్త నౌక వెళ్లింది. అది పంపిన కొలతలు చూశాక రోవెనా ఎల్వుడ్ ఇంటికి వెళ్లి తలుపు తట్టింది. ఆమె జుట్టు పూర్తిగా నెరిసిపోయింది.

“గట్టి గుడ్డే, ఎల్వుడ్. నట్టనడుమ దాకా గట్టిదే. సముద్రం లేదు, ఏమీ లేదు.”

అతను గుమ్మానికి అడ్డం తొలగలేదు.

“అయితే దాన్ని ఉత్తపుణ్యానికి చంపించావు.”

“అంతే అయితే ఉత్తరం రాసి ఊరుకునేదాన్ని. పాత సంకేతాలన్నీ మళ్లీ తీశాను. ఊపు నిజమే.”

“చంద్రుడు గట్టివాడైతే మరి ఊగిందేమిటి?”

రోవెనా తల ఎత్తలేకపోయింది.

“నీ ట్యాంకులో ఇంకా బోలెడంత మిగిలిన ఇంధనం.”