కారులో కాపురం

తెల్లవారి తలుపు తీసేసరికి బకెట్టు గోడవారకు జరిగి ఉంది. బకెట్టు ఉండాల్సిన చోట ఒక పాత ఎర్ర కారు నిలబడి ఉంది.

ఎర్మెలిందాకు ఒళ్ళు మండింది.

అది మామూలు బకెట్టు కాదు. నిండా సిమెంటు పోసి, మధ్యలో కర్ర పాతి, గుమ్మం ముందు జాగాను నాలుగేళ్ళుగా కాపాడుకుంటున్న బకెట్టు. మెసోన్ వీధిలో ఎవరి బకెట్టు వాళ్ళది. పరాయి బకెట్టు జోలికి ఎవరూ పోరు.

కారు అద్దం మీద దబదబా బాదింది. లోపల దుప్పటి కదిలింది. ముప్ఫై దాటిన ఆడమనిషి కళ్ళు నులుముకుంటూ లేచి కూర్చుంది.

"ఏమ్మా, బకెట్టు కనపళ్ళేదా? కళ్ళు డిక్కీలో పెట్టి తాళమేసుకున్నావా?"

"క్షమించండి సెన్యోరా. ఇంకెక్కడా చోటు దొరకలేదు."

"ఇది మా ఆయన కోసం టాక్సీ ఆగే చోటు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పోవాలి. పోను నాలుగ్గంటలు, రాను నాలుగ్గంటలు. నడవలేని మనిషిని వీధి చివరిదాకా నువ్వు మోస్తావా?"

ఆ మనిషి కారు తీసి, ఎదురుగోడ కింద పెట్టుకుంది. బకెట్టు కూడా తనే మోసుకొచ్చి దాని చోట పెట్టింది. కారు నంబరు చియాపాస్‌ది. మెక్సికోలో ఆ కొసాన ఉన్న రాష్ట్రం.

ఊళ్ళో ఆస్పత్రి ఉంది. డయాలసిస్ యంత్రం కూడా వచ్చింది. వచ్చి ఏడాదిగా ప్లాస్టిక్ ముసుగులో నిద్రపోతోంది. దాన్ని నడిపే నర్సు రావాలి. ప్రతి సోమవారం ఎర్మెలిందా వెళ్ళి అడగడం, "వస్తుందమ్మా" అని కిటికీలోంచి గుమాస్తా చెప్పడం. ఈలోగా ఆమె భర్త ఫిదెన్సియో ప్రయాణం ప్రయాణానికీ తరిగిపోతున్నాడు. ఈ చలికాలం గట్టెక్కుతాడన్న నమ్మకం ఆమెకు లేదు. ఆ మాట ఎవరితోనూ అనదు.

ఎర్ర కారు వెళ్ళలేదు. కారులోనే కాపురం. స్టీరింగు మీద తువ్వాలు ఆరేది.

పక్కింటి చాయో వార్తలు మోసుకొచ్చింది.

"రోజుకు ఒక్కపూటే తింటోందట వదినా. మార్కెట్లో చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టెలు. పచ్చిమిరపకాయలు ఊరికే ఇస్తారుగా, అవి మాత్రం నాలుగు."

"మరి స్నానం?"

"ఊరుమ్మడి స్నానాల గదుల్లో. ఆదివారం టిక్కెట్టు ఉండదని మ్యూజియం చూసింది. కొండమీది చర్చికి నడిచే ఎక్కింది. గురువారం చౌకులో బ్యాండు ఆఖరి పాటదాకా కూచుని విన్నదట."

"కాణీ ఖర్చులేకుండా ఊరంతా నమిలేస్తోందన్నమాట."

"ప్రశ్నలొకటా! గది అద్దెంత, కుళాయి రోజూ వస్తుందా, ఆడది ఒక్కతే ఉంటే ఇబ్బందా అని."

"అడగదూ మరి? దొంగలు ముందుగా పంపే మనిషి అలాగే అడుగుతుంది."

సాయంత్రానికి ఆ మాట వీధి చుట్టొచ్చింది. ఆమె సీసాలో మంచినీళ్ళు పోసే ఇంటివాళ్ళు పోయడం మానేశారు. రొట్టెల కొట్టువాడు ఆమెను చూసి మొహం తిప్పుకున్నాడు. నిప్పు లేనిదే పొగ రాదని అందరూ అన్నారు. ఆ పొగ పెట్టింది తానేనని ఎర్మెలిందా మరచిపోయింది.

కారామె మాత్రం పొద్దున్నే కనిపించినవాళ్ళందరికీ నమస్కారం చెబుతూనే ఉంది.

శనివారం ఎర్మెలిందా పిండిమరనుంచి తిరిగొచ్చేసరికి, గుమ్మంలో కుర్చీ వేసుకుని ఫిదెన్సియో కూర్చుని ఉన్నాడు. పక్కన కారామె. ఆయన ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, దానిమీద చెవి ఆనించి ఉంది!

ఎర్మెలిందా చీపురు అందుకుంది.

"ఇల్లు లేదు, వాకిలి లేదు, మొగుడు మాత్రం కావాల్సొచ్చాడా? ఊరు ఉచితంగా చూసినట్టు మగాడూ ఉచితమే అనుకున్నావా?"

"సెన్యోరా, ఒక్కమాట వినండి."

"నా చీపురుకి చెప్పుకో!"

"ఎర్మెలిందా, ఆ పిల్ల చేతులు కడుక్కుని మరీ పట్టుకుంది" అన్నాడు ఫిదెన్సియో.

"ఆహా, శుభ్రత కూడానా! అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి, సిగ్గులేదూ?"

తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఎవరో ఈల వేశారు. ఆమె కారెక్కింది. మూడోసారికి ఇంజను అందుకుంది. వెళ్ళేముందు ఫిదెన్సియో వంక ఒక్కసారి చూసింది.

ఆయన రెండురోజులు పెళ్ళాంతో మాట్లాడలేదు.

"ముసలాడికి బెంగ" అంది ఎర్మెలిందా చాయోతో. నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

సోమవారం ఆస్పత్రి కిటికీ దగ్గర గుమాస్తా ఎప్పటి మాట అనలేదు.

"నర్సు వచ్చిందమ్మా. వెళ్ళిపోయింది కూడా."

"ఎప్పుడు?"

"ఎవరికీ చెప్పకుండా వారంరోజులు ఊళ్ళో ఉండి చూసిందట. ఈ జీతంతో ఇక్కడ బతకొచ్చా అని. ఉత్తరం పెట్టింది."

"చదువు బాబూ."

"'ఊరు నాకు నచ్చింది. గురువారం బ్యాండు మరీ నచ్చింది. నేనే ఊరికి నచ్చలేదు. వేరేచోట ఉద్యోగానికి ఒప్పుకున్నాను.' అంతే."

ఎర్మెలిందా కిటికీ ఊచ పట్టుకుని ఏడ్చేసింది.

"ఏ వీధివాళ్ళు తరిమారో దిక్కుమాలినవాళ్ళు! వాళ్ళ ఇళ్ళల్లో రోగం రొష్టూ ఉండవా?"

గుమాస్తా కాగితం తిరగేశాడు.

"వెనక ఇంకో ముక్క ఉందమ్మా. మీ వీధి సంగతే."

"చదువు."

"'మెసోన్ వీధి పదకొండో నంబరు ఇంటి పెద్దాయనకు డయాలసిస్ సూదులు గుచ్చే నరం మీద చెవి పెట్టి విన్నాను, రక్తం చప్పుడు సన్నగిల్లుతోంది, మూసుకుపోకముందే చూపించమని ఆయన భార్యకు చెప్పండి, చెప్పింది నేనని మాత్రం అనకండి, నా మీద కోపంతో మానేస్తుంది.'"