పిల్లిమీసాల కషాయం

"కాస్త బండాపు నాయనా" అన్నాడు ముందు సీటులోని తాత.

మర్యోతో అనే ఆ డ్రైవరు పళ్ళు నూరుతూ వ్యాను పక్కకు తీశాడు. సెమరాంగ్ దాటిన దగ్గర్నుంచీ ఇదే వరస.

తాత దిగి వెదురుపొద చాటుకు వెళ్ళాడు. వెళ్ళినవాడు ఎంతకీ రాడు.

"ఈయన కోసం చెట్టు చెట్టుకీ ఆగితే మనం బ్లోరా చేరేది రేపటికే" అన్నాడు వెనకనున్న బట్టల వ్యాపారి.

"మీకూ ఆ వయసు రాకపోదు లెండి. అప్పుడు తెలుస్తుంది" అంది సోయాగింజల టెంపే ముద్దలు అమ్మే ఆవిడ, ఒళ్ళో బుట్ట సర్దుకుంటూ.

మర్యోతో ప్రాణమంతా ఇంటి దగ్గరే ఉంది. పొద్దున్నే అమ్మ ఫోను చేసింది. "మీ నాన్నకి ఈ రోజు గడిచేలా లేదురా. కళ్ళు గుమ్మం మీదే పెట్టుకుని ఉన్నాడు. తొందరగా రా" అంది. అప్పటికే వ్యాను నిండింది. వెళ్ళాల్సిందీ సొంతూరికే కదా అని, సంగతి చెప్పి అందరితోనూ బయలుదేరాడు. నాన్న కళ్ళు మూసేలోపు ఒక్కసారి ఆయన చెయ్యి పట్టుకోవాలి. అంతకుమించి అతనికి ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

తాత వచ్చి కూర్చున్నాడు. కూర్చోగానే ఫ్లాస్కు మూత తీశాడు. పచ్చి ఆకు మరిగిన చేదు వాసన వ్యానంతా కమ్ముకుంది.

"తాతా, అది పిల్లిమీసాల ఆకు కషాయమేనా?"

"అదే. భలే పట్టేశావే."

"పట్టకేం? మా ఇంటినిండా అదే వాసన. నువ్వు తాగుతూ పో, నేను ఆపుతూ పోతాను."

"తాగకపోతే మంట, తాగితే ఈ తంటా. ఏం చెయ్యమంటావు చెప్పు?" తాత నవ్వాడు.

మర్యోతోకి నవ్వు రాలేదు.

"మా నాన్నా ఇలాగే నవ్వేవాడు. ఒంటేలుకి ఇబ్బందయినప్పుడల్లా ఆ ఆకు మరగబెట్టుకునేవాడు. తాగితే కాస్త హాయిగా ఉండేది. ఇంక డాక్టరెందుకనేవాడు. నెత్తురు పడ్డా మాతో చెప్పలేదు. ప్రోస్టేటులో కేన్సరని మాకు తెలిసేసరికి అది ఎముకల్లోకి పాకింది."

తాత నవ్వు ఆగిపోయింది.

"నేనూ ఆ దారినే పోవాల్సినవాణ్ణి. మా కోడలు తిట్టి తిట్టి ఆసుపత్రికి లాక్కెళ్ళింది. నాది ఉత్త వాపేనట. మాత్రలు రాశారు. కషాయం మాత్రం మానలేకపోయాను. డాక్టరుకి చెప్పే తాగుతున్నా."

గొంతు తగ్గించి అడిగాడు.

"మీ నాన్నకి తెలివి ఉందా? మాట్లాడుతున్నాడా?"

"అవన్నీ నీకెందుకు తాతా? ఆ మూతేదో పెట్టేసి కూర్చో, చాలు."

తాత మూత పెట్టబోయాడు. కషాయం లుంగీ మీద ఒలికింది. ఏదో చెప్పబోయి, వెనక వాళ్ళ వైపు చూసి ఊరుకున్నాడు.

టేకు అడవి మొదలైంది. ఆకులన్నీ రాలి, దారి పొడవునా ఎండ కాస్తోంది. మర్యోతో వేగం పెంచాడు.

"నాయనా, నీతో ఒక మాట చెప్పాలి" అన్నాడు తాత. వెంటనే సిగ్గుపడుతూ, "ముందు కాస్త ఆపవూ" అన్నాడు.

బండి ఆగింది. తాత చెట్ల మధ్యకు వెళ్ళాడు.

"ఇంక లాభం లేదు, పోనివ్వు" అన్నాడు వ్యాపారి. "వెనకాల ఏదో ఒక బండి రాకపోదు. అవతల మీ నాన్న చావుబతుకుల్లో ఉన్నాడంటివి."

టెంపే ఆవిడ "పాపం" అంది. అని, కిటికీ వైపు తిరిగిపోయింది.

ఆ చెట్ల మధ్య ముసలాయన ఎంతసేపు నిలబడాలో, ఎంత ముక్కితే నాలుగు చుక్కలు రాలతాయో మర్యోతోకి తెలుసు. నాన్నని పెరట్లోకి నడిపించి, ఆయన గోడ పట్టుకుని నిలబడితే వెనక కాపలా ఉన్నవాడు అతనే. అన్నీ తెలిసీ దిగాడు. తాత మూటనీ ఫ్లాస్కునీ తీసి మైలురాయి పక్కన పెట్టాడు.

బండి కదిలింది. అతను అద్దంలోకి చూడలేదు.

అందర్నీ బజారులో దించేసి ఇంటికి చేరేసరికి ముంగిట్లో జనం ఉన్నారు. లోపలికి పరుగెత్తాడు.

నాన్నకి ఇంకా ఊపిరి ఉంది.

మర్యోతో చాప మీద కూలబడి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"వచ్చేశాను నాన్నా."

నాన్న అతని ముఖంలోకి చూశాడు. తర్వాత ఆ చూపు అతని భుజం మీదుగా గుమ్మం దాకా పోయి అక్కడే ఆగింది.

"వాడేడీ?"

"నేనే నాన్నా, మర్యోతోని."

నాన్న తల అడ్డంగా ఊపాడు. ఆపాటి దానికే అలిసిపోయాడు.

"పొలంలో వాడికీ భాగముంది... తప్పు చేశాను... మన్నించమని..."

ఆ మాట పూర్తి కాలేదు. మళ్ళీ ఊపిరీ తీసుకోలేదు. కళ్ళు మాత్రం గుమ్మం వైపే తెరుచుకుని ఉన్నాయి.

అమ్మ ఏడవలేదు. అరచేత్తో ఆ కళ్ళు మూసింది. ఖాళీ గుమ్మం వైపు చూసి, కొడుకు వైపు తిరిగింది.

"మీ బాబాయేడిరా?"

"ఏ బాబాయి?"

"నీకెంతమంది ఉన్నార్రా? మీ నాన్న పొలమంతా తనే ఉంచేసుకుంటే, నువ్వు పుట్టకముందే సముద్రం దాటి లంపుంగ్ వలసపోయినవాడు. పొద్దున మీ స్టాండు నుంచి ఫోను చేశాడు. 'అన్న మీద నాకే కోపమూ లేదు వదినా, ఆ మాట చెప్పడానికే వస్తున్నా. నేనెవరో అబ్బాయికి చెప్పకు, పక్కనే కూర్చుని మెల్లగా నేనే చెప్పుకుంటా' అని నీ బండే ఎక్కాడు కదరా."